యుద్ధ విమానాల మ్యూజియం పండుగకు మనుమడితో వెళ్తున్నాము, ఏమేమి చూసుకోవాలి?

విద్యారణ్యపురి_సార్

వచ్చే నెలలో నేను, మా ఆవిడ అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాము. వాళ్లుండేది వర్జీనియా బీచ్. ఆ ఊరి శివారులో, పుంగో అనే చోట, మిలిటరీ ఏవియేషన్ మ్యూజియం ఉన్నదట. మేము చేరిన రెండో శనివారమే అక్కడ పిల్లాపాపలతో వెళ్లే పండుగ లాంటిది జరుగుతుందని, పాత యుద్ధ విమానాలు ఎగురుతాయని, అయిదుగురికీ టికెట్లు తీసేశానని అల్లుడు ఫోన్‌లో చెప్పాడు.

ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. విమానం రెక్క బొమ్మను నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు గీశానో లెక్కలేదు, కానీ ఒక్క రెక్కనైనా చేత్తో తాకి చూసిన పాపాన పోలేదు. కనుక నాకు ఉత్సాహంగానే ఉన్నది. చిక్కంతా మిగతావాళ్లతోనే. మనుమడికి నాలుగున్నరేళ్లు. మొన్న వేసవిలో హన్మకొండ వచ్చినప్పుడు కుక్కర్ కూత వేసిన ప్రతిసారీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా లుంగీలో తల దాచుకునేవాడు. మా ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, పావుగంటకు మించి నిలబడలేదు.

"అంతా ఫ్యామిలీ ఫ్రెండ్లీ మామయ్యా, మీరేమీ ఆలోచించకండి" అంటాడు అల్లుడు. ఆ మాట మన దగ్గర హోటళ్ల బోర్డుల మీద కూడా ఉంటుంది, లోపలికి వెళ్తే చిన్నపిల్లల కుర్చీ ఒక్కటీ కనిపించదు. ఇలాంటి చోటికి పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారు ఉంటే, నిజంగా ఇబ్బంది పెట్టినదేమిటో, అనవసరంగా భయపడినదేమిటో కొంచెం వివరంగా చెప్పగలరు.

నర్సంపేట_టు_నార్‌ఫోక్

నేను అక్కడికి కారులో ముప్పావుగంట దూరంలో ఉంటాను, పిల్లలతో రెండుసార్లు వెళ్లాను. ముందుగా ఒక మాట చెప్పాలి: అది అద్దాల వెనుక వస్తువులు పెట్టి చూపించే మ్యూజియం కాదు. అక్కడి విమానాల్లో చాలా వరకు ఇంకా ఎగరగలిగిన స్థితిలో ఉంచినవే. రన్‌వే కూడా తారుది కాదు, పచ్చగడ్డి నేల. చుట్టూ పొలాలు. పుంగో అంటే ఆ ప్రాంతంలో స్ట్రాబెర్రీలకు పేరు.

కట్టడాలు కూడా చూడదగ్గవి. ఒక హ్యాంగర్‌ను, అంటే విమానాలు నిలిపే షెడ్డును, 1934లో జర్మనీలోని కాట్‌బుస్‌లో జర్మన్ వైమానిక దళం కోసం కట్టారు, దాన్ని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. కంట్రోల్ టవర్ ఇంగ్లండ్‌లోని గాక్స్‌హిల్ నుంచి వచ్చింది. 1942లో బ్రిటన్ వాళ్లు అమెరికన్లకు అప్పగించిన విమానస్థావరం అది. మీ మేడమ్ మోకాళ్ల సంగతికి వస్తే, హ్యాంగర్ల లోపల నేల చదునుగానే ఉంటుంది, నడక మాత్రం తప్పదు. గడ్డి మీద కూర్చోవడానికి మడత కుర్చీలు అవసరం. ఏవి తీసుకురావచ్చో, ఏవి కూడదో ప్రతి కార్యక్రమానికి మారుతూ ఉంటుంది కనుక టికెట్ మీద ఉన్న సూచనలను మీ అల్లుడిని ఒకసారి పూర్తిగా చదవమనండి.

మీ మనుమడి భయం గురించి నాకు అంత దిగులు లేదు. వర్జీనియా బీచ్‌లోనే ఓషియానా నావికాదళ విమానస్థావరం ఉన్నది. అక్కడి సూపర్ హార్నెట్ జెట్ యుద్ధ విమానాలు ఇళ్ల మీదుగా తిరుగుతూనే ఉంటాయి. కుక్కర్‌కు భయపడే పిల్లవాడు జెట్ మోతకు ఎప్పుడో అలవాటు పడి ఉంటాడు. ఎందుకంటే కుక్కర్ చెప్పకుండా కూస్తుంది, జెట్ దూరం నుంచి చెప్పి వస్తుంది.

డాక్టరమ్మ_జగిత్యాల

పైన రాసిన చివరి మాటతో సగమే ఏకీభవిస్తాను. భయం వేరు, చెవికి జరిగే హాని వేరు. భయపడని పిల్లవాడికి కూడా వినికిడి దెబ్బతింటుంది.

మాస్టారు భౌతికశాస్త్రం చెప్పినవారు కాబట్టి లెక్కగానే చెబుతాను. 85 డెసిబెల్‌ల మోతను రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదన్నది ఒక ప్రామాణికం. అక్కడి నుంచి 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు. దగ్గరగా పెద్ద ఇంజిన్ స్టార్టయితే ఆ లెక్క నిమిషాల్లోకి వచ్చేస్తుంది. చెవుల్లో దూది పెట్టడం వల్ల దాదాపు ప్రయోజనం లేదు. చిన్న ప్లగ్గులను ఆ వయసు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. తల మీదుగా వచ్చి చెవిని పూర్తిగా కప్పే మఫ్‌లు, పిల్లల సైజువి, కొనిపించండి.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. వాటిని పండుగ రోజున మొదటిసారి తగిలిస్తే పిల్లలు పీకి పారేస్తారు. ఇప్పటి నుంచే ఇంట్లో మిక్సీ తిప్పేటప్పుడు, కుక్కర్ పెట్టినప్పుడు ఆటగా అలవాటు చేయించమని మీ అమ్మాయికి చెప్పండి.

కాజీపేట_డీజిల్_షెడ్

డాక్టరమ్మ దూది గురించి చెప్పినదానికి నేనే సాక్ష్యం. చెవుల్లో దూది పెట్టుకొని డీజిల్ ఇంజిన్ల మధ్య ఇరవై ఎనిమిదేళ్లు పని చేశాను. ఇప్పుడు మా ఇంట్లో టీవీ పెడితే పక్కింటివాళ్లు ఉచితంగా వార్తలు వింటున్నారు.

ఇంజిన్_ఫిట్టర్_కరీంనగర్

తాంబరంలో వైమానిక దళ శిక్షణ పొంది, మొదట హెచ్‌టీ-2 శిక్షణ విమానాల మీద, తరువాత మిగ్-21ల మీద పని చేసి రిటైరైనవాణ్ని. మిగ్-21 కూడా 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో సేవ ముగించుకున్నది కాబట్టి ఇప్పుడు ఇద్దరం సమానమే.

సార్, ఆకాశంలో జరిగేదాని మీద మరీ ఆశ పెట్టుకోకండి. నాలుగున్నరేళ్ల పిల్లవాడికి పైన తిరిగే విమానం ఒక చుక్క మాత్రమే. అసలైన కార్యక్రమం నేల మీద ఉంటుంది. పొద్దున్నే, జనం చేరకముందే వెళ్లి, మెకానిక్‌లు ఒక ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం మొదటి నుంచి చివరి దాకా చూపించండి. సిలిండర్లు చక్రంలా చుట్టూ అమర్చి ఉండే పెద్ద రేడియల్ ఇంజిన్ అయితే రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు కింది సిలిండర్లలోకి నూనె దిగుతుంది. దాన్ని వదిలించడానికి ముందుగా ప్రొపెల్లర్‌ను చేత్తో, ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక్కొక్క రెక్కగా తిప్పుతారు. తరువాత స్టార్టర్ మూలుగు, ఒక సిలిండర్ తుమ్ము, తెల్లని పొగ, రెండు మూడు తుమ్ములు, అప్పుడు అన్నీ ఒక్కటై గర్జన. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో ఉండే మెర్లిన్ ఇంజిన్ అయితే పన్నెండు సిలిండర్లు, 27 లీటర్ల సామర్థ్యం. మన ఇంటి ముందు నిలబెట్టే చిన్నకారు ఇంజిన్లు ఇరవైకి పైగా కలిపితే అంత.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు రోటరీ ఇంజిన్ తిరిగే అదృష్టం ఉంటే గాలి వచ్చే వైపు నిలబడి వాసన చూడండి. అది మీకు తెలిసిన వాసనే. ఆ ఇంజిన్లలో మధ్యలోని ఇరుసు కదలదు, దాని చుట్టూ సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి తిరుగుతాయి. పెట్రోలులో కలిసి కరిగిపోని నూనె కావలసి వచ్చి వాటికి ఆముదం వాడారు. కాలిన ఆముదం తుంపరలు పైలట్ ముఖానికే కొట్టేవి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. కట్టిన తాడును ఏ కారణం చేతనూ దాటనివ్వకండి. వేగంగా తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనిపించదు. మాకు శిక్షణలో మొదటి రోజు నేర్పినది, ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ను కూడా తిరుగుతున్నదానిలాగే చూడమని.

భద్రకాళి_బండ్

పైలట్ ముఖానికి ఆముదమా? అయితే ఆ కాలంలో ఏ పైలట్‌కూ మలబద్ధకం ఉండి ఉండదు.

ఇంజిన్_ఫిట్టర్_కరీంనగర్

మీరు హాస్యానికి అన్నా, ఆ మాట మా వృత్తిలో నిజంగానే తరతరాలుగా చెప్పుకుంటారు.

నిర్మల్_పునికి

ఆ మ్యూజియం కోసం న్యూజిలాండ్‌లో ఒక మస్కిటో విమానాన్ని పునర్నిర్మించారు, అది 2012లో మళ్లీ గాలిలోకి లేచింది. సార్ వెళ్లినప్పుడు అది కనిపిస్తే తప్పక దగ్గరికి వెళ్లాలి. ఎందుకంటే అది చెక్క విమానం. మా ఊళ్లో బొమ్మలకు పునికి చెక్క వాడేది తేలికగా ఉండి, చెప్పినట్టు వింటుందని. యుద్ధకాలంలో దాన్ని మొదట చేసిన బ్రిటన్ వాళ్లు అదే ఆలోచనతో బాల్సా చెక్కను మధ్యలో పెట్టి, రెండు వైపులా బర్చ్ ప్లైవుడ్ అంటించి ఒంటిని తయారు చేశారు. అల్యూమినియం కొరత ఉన్న రోజులవి, పైగా ఫర్నిచర్ చేసే వడ్రంగులకు పని దొరికింది. 1940 నవంబర్‌లో మొదటిసారి ఎగిరిన ఆ విమానం అప్పటి ఫైటర్లతో సమానంగా పరుగెత్తింది.

అయితే 1944లో మన దేశంలో ఉన్న మస్కిటోలలో కొన్నింటికి రెక్కల దగ్గర అతుకులు విడిపోయాయి. వాటిని ఎగరనివ్వకుండా ఆపి పరీక్షించారు. మన ఉక్కకూ వానకూ జిగురు నిలవలేదన్నారు, కట్టడంలోనే లోపమున్నదనీ అన్నారు. మా నాన్న ఆషాఢంలో అతికిన బొమ్మను అమ్మేవాడు కాదు.

నక్కలగుట్ట_న్యాయం

ఇంతమంది ఇంత ఆనందంగా రాస్తున్నారు కాబట్టి ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్న నేను అడుగుతాను. ఇవి మనుషుల్ని చంపడానికి చేసిన యంత్రాలు. జర్మన్ హ్యాంగర్‌ను విప్పి తెచ్చి నిలబెట్టడం, దాని నీడన పిల్లలకు ఐస్‌క్రీం తినిపించడం, దానికి పండుగ అని పేరు పెట్టడం, ఇవేవీ ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదా? నాలుగున్నరేళ్ల పిల్లవాడికి దీనివల్ల అందేదేమిటి, బాంబు వేయడం కూడా ఒక వేడుక అన్న భావన తప్ప?

నర్సంపేట_టు_నార్‌ఫోక్

నేను చూసినంత వరకు అక్కడి వాలంటీర్లలో చాలామంది ముసలివాళ్లు, వాళ్లు వేడుకగా మాట్లాడరు. మా పాప ఒక విమానాన్ని చూసి "ఇది ఎన్ని గెలిచింది?" అని అడిగితే, ఒక పెద్దాయన "దీన్ని నడిపినవాళ్లలో ఇంటికి చేరనివాళ్ల సంగతి చెప్పనా?" అన్నాడు.

ఇంజిన్_ఫిట్టర్_కరీంనగర్

న్యాయం గారి ప్రశ్న తప్పు కాదు, కానీ దానికి మందు వెళ్లకపోవడం కాదని నా అభిప్రాయం. టీవీలో చూసినవాడికే యుద్ధ విమానం వేడుక. సార్, ఆ కాలపు ఫైటర్ కాక్‌పిట్ దగ్గరికి పిల్లవాణ్ని ఎత్తుకొని వెళ్లి, సీటు వెనుక ఉండే ఉక్కు పలకను చూపించండి. అది ఎందుకు పెట్టారని వాడే అడుగుతాడు. వెనుక నుంచి వచ్చే గుండ్ల కోసమని చెప్పండి. అంతకంటే పాఠం అక్కర్లేదు.

నక్కలగుట్ట_న్యాయం

చూపిస్తే సంతోషమే. చూపించకుండా ఫోటో దిగి వచ్చేవాళ్లే ఎక్కువ.

మామునూరు_గడ్డ

వర్జీనియాలో గడ్డి రన్‌వే మీద ఎనభై ఏళ్ల నాటి విమానాలు ఎగురుతున్నాయని చదివితే కడుపు మండుతున్నది. నిజాం కాలంలో కట్టిన మా మామునూరు విమానాశ్రయం 1981లో మూతబడింది. నేను ఆ రన్‌వే మీదనే సైకిలు నేర్చుకున్నాను, ఆ తరువాత మా తమ్ముడు స్కూటర్ నేర్చుకున్నాడు. 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. మా పిల్లలు అక్కడ విమానం దిగడం చూస్తే చాలు, పండుగ మేమే చేస్తాము.

భద్రకాళి_బండ్

నిజాం పేరు వచ్చింది కాబట్టి, లండన్‌లో పిల్లలున్నవారికి ఒక సంగతి. అక్కడ హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో డీహెచ్-9ఏ అనే రెండు రెక్కల బాంబర్ ఒకటి ఉన్నది, దాని నంబర్ ఎఫ్-1010. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు ఈ విమానాలను ఏడో నిజాం బహూకరించారు. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. ఈ ఒక్కటి 1918 అక్టోబర్‌లో జర్మనీ మీదికి వెళ్లి వాళ్ల చేతికి చిక్కింది, బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు, తరువాతి యుద్ధంలో పోలండ్ చేరింది, 1977లో మళ్లీ ఇంగ్లండ్ వచ్చింది. మా మేనల్లుడు దాని ముందు నిలబడి వీడియో కాల్ చేసి, "మామా, దీని ఒంటి మీద మన హైదరాబాద్ పేరున్నది" అని అరిచాడు. ఆ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు.

సింగరేణి_చిన్నోడు

నిజాం బహూకరించారు అని సులభంగా రాశారు. ఆ ఖజానాకు శిస్తు కట్టినది మన తాతలు. కాబట్టి ఆ విమానంలో ఒక మరమేకైనా మా ఊరిది ఉంటుంది.

అమెరికా, లండన్ వెళ్లలేనివాళ్లకు నా అనుభవం చెబుతాను. పిల్లలకు మొదటి విమానం విశాఖలో చూపించాము. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉన్నది. ఆ గస్తీ విమానం 29 సంవత్సరాలు నావికాదళంలో పని చేసి, 2017లో విశ్రాంతి తీసుకున్నది. నాలుగు ఇంజిన్లు, ఒక్కొక్క దానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు. రెక్క ఒక చివర నుంచి మరో చివర దాకా 50 మీటర్లు. విమానం కడుపులోకి మనిషి నడిచి వెళ్లవచ్చు. మా అమ్మ లోపలికి ఎక్కి, ఇందులో వంట చేసుకునే చోటు ఎక్కడ అని అడిగింది. ఎదురుగానే కురుసుర సబ్‌మెరైన్ ఉన్నది. ఒక్క సాయంత్రంలో రెండూ అయిపోతాయి, పిల్లలు అలసిపోరు.

ములుగు_రోడ్డు_మల్లీశ్వరి

ఎవరూ ఎండ మాట గట్టిగా ఎత్తలేదు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనా తీరంలో వైమానిక దళ ప్రదర్శన చూడడానికి లక్షల మంది వస్తే, ఆ ఎండకూ రద్దీకీ అయిదుగురు చనిపోయారు. విమానాలు చూడడమంటే తల పైకెత్తి గంటల తరబడి నీడ లేని చోట నిలబడడమే. నీళ్లు, టోపీ, నీడ ఎక్కడున్నదో ముందే చూసుకోవడం, ఈ మూడూ తప్పనిసరి.

పిల్లవాడు తప్పిపోవడం గురించి కూడా చెప్పాలి. ఒక నగరంలో ఇలాంటి ప్రదర్శనకే వెళ్లి, అందరమూ ఆకాశంలోకి చూస్తూ ఉండగా మా చిన్నవాడు చెయ్యి విడిపించుకున్నాడు. పదకొండు నిమిషాలు దొరకలేదు. మైకులో చెప్పించుకుందామంటే మోతలో ఎవరికీ వినిపించదు. మేడారం జాతరకు వెళ్లేటప్పుడు చేసినట్టు చొక్కా జేబులో ఫోన్ నంబర్ చీటీ పెట్టి ఉండడం వల్ల ఒక పోలీసాయన పిలిచాడు. జాతరలో తల వంచుకొని నడుస్తాము కాబట్టి పిల్లలు కనిపిస్తారు, ఇక్కడ అందరి తలలూ పైకే ఉంటాయి. ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులు వేసుకోండి, ఒకరు విమానాన్ని చూడండి, ఒకరు పిల్లవాణ్ని చూడండి.

విద్యారణ్యపురి_సార్

అందరికీ కృతజ్ఞతలు. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. వెళ్లివచ్చాక రాస్తాను.

విద్యారణ్యపురి_సార్

వెళ్లివచ్చాము. ఏడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించాలి.

డాక్టరమ్మ చెప్పినట్టు మా అమ్మాయి ఎర్రరంగు మఫ్‌లు ముందే కొని ఇంట్లో అలవాటు చేసింది. దాని ఫలితం ఊహించనిది: మేము చేరేసరికి మనుమడు కుక్కర్ పెట్టగానే మఫ్‌లు తగిలించుకొని తానే వంటింట్లోకి వచ్చి, పొయ్యికి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడుతున్నాడు. పండుగలోనూ మోతకు జంకలేదు. జంకినది నేనే. నాకు మఫ్‌లు కొనాలని ఎవరికీ తట్టలేదు, చేతులతో చెవులు మూసుకొని నిలబడ్డాను, అందువల్ల ఫోటోలు ఒక్కటీ తీయలేకపోయాను.

ఫిట్టర్ గారి సలహా ప్రకారం పొద్దున్నే వెళ్లాము. ఇంజిన్ తుమ్ములు సరిగ్గా మీరు రాసిన వరుసలోనే వచ్చాయి. అయితే మనుమణ్ని కట్టిపడేసినది గర్జన కాదు. ఒక రేడియల్ ఇంజిన్ కింద రేకు పళ్లెం పెట్టి ఉన్నది, దానిలోకి నల్లని నూనె ఒక్కొక్క చుక్కే పడుతున్నది. వాడు దాని ముందు గొంతుక్కూర్చొని అరగంట కదలలేదు. చివరికి నా చెవి దగ్గరికి వచ్చి, "తాతా, ఇది నిక్కరు తడుపుకున్నది, ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు. మా ఆవిడ మడత కుర్చీలో కూర్చొని, తాను మోసుకెళ్లిన సకినాల డబ్బా కారులోనే వదిలేయవలసి వచ్చిందని కొంతసేపు విచారించి, తరువాత గాక్స్‌హిల్ టవర్‌నే చూస్తూ ఉండిపోయింది. ఒక్కొక్క ఇటుకకూ గుర్తు పెట్టి తెచ్చి ఉంటారా, మనం ఇల్లు మారినప్పుడు గ్యాస్ స్టవ్ నాబ్‌లే పోగొట్టుకున్నాము కదా అన్నది.

నా సంగతి చెప్పాలి. రెండు రెక్కల స్టీర్‌మన్ శిక్షణ విమానం దగ్గర నిలబడిన వాలంటీర్‌ను అనుమతి అడిగి రెక్కను తాకాను. లోహమనుకున్నాను, గుడ్డ. బిగించి, రంగు పూసిన గుడ్డ. వేలితో మెల్లగా మీటితే డప్పులాగా పలికింది. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను గీసిన బొమ్మలో ఆ శబ్దం లేదు.

ఇంజిన్_ఫిట్టర్_కరీంనగర్

గుడ్డ మీద డోప్ అనే ద్రావణం పూతలు పూతలుగా వేస్తారు, ఆరుతున్న కొద్దీ అది గుడ్డను బిగలాగుతుంది. మన చేనేతకు గంజి పెట్టినట్టే అనుకోండి. మీరు మీటి చూసినట్టుగానే మేమూ బిగువు చూసేవాళ్లము.

నక్కలగుట్ట_న్యాయం

ఉక్కు పలక చూపించారా?

విద్యారణ్యపురి_సార్

చూపించాను. వెనుక నుంచి వచ్చే గుండ్ల కోసమని చెప్పాను. కొంతసేపు చూసి, "ముందు నుంచి వస్తే?" అన్నాడు. నేను ముందున్న అద్దం మందంగా ఉంటుందని చెప్పాను, అది నిజమే కానీ వాడు అడిగినదానికి జవాబు కాదు. ఆ తరువాత వాడు ఆ విమానం దగ్గర ఫోటో దిగనన్నాడు. మేమూ బలవంతం చేయలేదు.

కాజీపేట_డీజిల్_షెడ్

ఆ ఎర్ర మఫ్‌లు పెద్దవాళ్ల సైజులో కూడా దొరుకుతాయా సార్? నాకు కాదు, మా ఆవిడకు. నేను టీవీ చూసేటప్పుడు పెట్టుకుంటుందట.